పన్నెండు కిలోల సప్పుడు

కాజీపేట డీజిల్ కాలనీ మలుపు కాడ
నాది గుజిరి దుకాణం.
ఇనుముకో రేటు, ఇత్తడికో రేటు.
పాటకు రేటు లేదు గనుక
ఆ పెట్టెను ప్లాస్టిక్ కింద రాసుకున్న.
పన్నెండు కిలోలు.
రెండు వందల గ్రాములు తక్కువే సూపిన,
అబద్ధమెందుకు.

ఇంజనీరింగ్ కాలేజీ క్వార్టర్ ఖాళీ చేస్తున్నరు.
పెద్దసారు పోయి ఏడాదయ్యిందట.
ఆయన బిడ్డ పెట్టె అందిచ్చుకుంట చెప్పింది:
"ఇవి బ్రెజిల్‌వి. వీటిల మాటలుండయ్."
మాటలు లేని పాటలు ఎందుకు కొన్నడో
ఆమెకు సుత తెల్వదు.

అట్టల మీది అక్షరాలు ఇంగ్లీషు లెక్కనే ఉంటయి,
కూడబలుక్కుంటే నోట్లెనే తప్పిపోతయి.
ఒక అట్ట మీద అరటిగెల.
ఒక అట్ట మీద చెదలు తాగిన నది.
ఒకటి ఒట్టి నలుపు.

తిప్పే మిషిన్ సుత గుజిరిలదే.
సైకిల్ ట్యూబు సన్నగ కోసి బెల్టు చేసిన.
ఎండాకాలం అది సాగుతది,
బ్రెజిల్ కొంచెం నిదానంగ నడుస్తది.

మొదలు అరటిగెల ఏసిన.
ఒక్కటే తీగ. ఒక పుల్ల. ఎన్క ఏదో బుర్ర, గుమ్మని.
టొంయ్… టొంయ్… టటొంయ్…
గప్పుడే నన్నేసాబ్ వచ్చిండు,
మిషిన్లొచ్చినంక అటక మీద పడున్న ఏకుడు విల్లు
భుజాన ఏసుకోని, అమ్మటానికి.
గడపలనే నిలబడ్డడు.
"ఎవడ్రా వాడు,
పత్తి లేకుంట ఏకుతున్నడు?"

విల్లు అమ్మిండు. నలభై రూపాయలు.
రెండుసార్లు లెక్క పెట్టుకున్నడు.
"మళ్లొక్కసారి ఎయ్యి" అన్నడు.

నది అట్టల ఒక డోలున్నది.
కోతిపిల్ల నవ్వినట్టు, నవ్వంగ నవ్వంగ
గొంతు పట్టుకపోయి ఏడ్చినట్టు.
నేను జమిడిక అనుకున్న.
బైండ్ల కొంరెల్లిని పిలిచి ఇనిపిచ్చిన.
కండ్లు మూసుకోని, బీడీ ఆరిపోయేదాక ఇన్నడు.
"కాదు. జమిడికల తీగ ఉంటది, గుంజితే మూల్గుతది.
దీని కడుపుల పుల్ల ఉన్నది.
తడిబట్టతోని తోముతున్నరు."
నీకెట్ల ఎరుక అన్న.
"తడి ఇనపడ్తలేదా?" అన్నడు,
నన్ను జూసి జాలిపడ్డట్టు.

ఇగ నల్ల అట్ట.
దాన్ల రాగం లేదు, తాళం లేదు.
ఎవరో కెటిల్ మూతిల ఊదుతరు,
రేకు ఈడుస్తరు, నీళ్లు ఒంపుతరు,
చానసేపు ఏం చెయ్యరు.
మా ఇంటామె సూరమ్మ బియ్యం ఏరుకుంట ఇని
"దీనికి అంత దూరం పోవాల్నా?
పొద్దంత మన దుకాణంల ఇదే గదా" అన్నది.
నవ్విన.
తెల్లారి సిల్వర్ గిన్నెలు కుప్పల ఇసిరేస్తుంటే
చెయ్యి ఆగింది.
దీని తర్వాత ఏ గిన్నె?
ఆ పొద్దు సగం లారీ సుత నిండలె.

పొద్దుగూకినంక గిటార్‌ది ఏస్త.
వాయించేటందుకు ముందు ఆయన
ముక్కుతోని గాలి పీల్చుకున్నది ఇనపడ్తది.
ఎన్నడో, ఏడనో తీసుకున్న గాలి.
గాడ్నే గీత పడ్డది.
మూడే సురాలు, మళ్ల గవ్వే మూడు.
జంక్షన్ దిక్కు బొగ్గు గూడ్సు పోయేదాక
నేను ముల్లు లేపను.

ఫాతిమానగర్ బ్రిడ్జి దిగితే రాండ్రి,
రాత్రి తొమ్మిది దాటినంక.
అంతకు ముందైతే కాంటా సప్పుడు.
జల్ది రాండ్రి, ముల్లు అరిగింది.
కొత్తది సికింద్రాబాద్‌ల ఉన్నదట,
పెట్టె మొత్తానికి నేనిచ్చినదానికి ఏడింతలు.
నల్లదాని రెండో పక్క మాత్రం అడగకుండ్రి.
నేనే ఇంక ఇనలె.

అట్టల లోపల, ఎవరికి కనపడని కాడ,
పెద్దసారు పెన్సిల్‌తోని రాసుకున్నడు:
"వాన. రెండుసార్లు విన్నాను."
"మధ్యలో కరెంటు పోయింది."
"ఈ రోజు నచ్చలేదు."
అరటిగెల అట్టల, దాని కింద జాగ ఉంటే
నేను సుత రాసిన, లెక్కల పెన్సిల్‌తోని:
నన్నేసాబ్ ఇన్నడు. నలభై రూపాయలు.