జానెడు ఎత్తు

గోడకు మేకు కొడితే
ఇల్లు ఖాళీ చెయ్యమన్నాడు ఓనరు ఓబులేసు.
ఎర్రగుంట్లలో పాలిష్ మిషన్ల కాడ
విరిగి పారేసిన నల్లబండ ముక్కలు
సైకిల్ మీద రెండు ట్రిప్పులు తెచ్చినా.
మంచంకోడుకు నాలుగేసి.
జానెడు లేచింది మంచం.

ఇంగ చూస్కో,
బుడ్డల మూట, స్టోరు బియ్యం,
కుట్టడానికొచ్చిన జాకెట్ల సంచి,
ఏడాదిగా తలుపెనక
నిలబడే నిద్రపోయిన చాప,
అన్నీ తలొంచుకోని లోపలికి దూరినాయి.

"ఇంగా జాగా ఉందే!"
మాబున్ని వంగి చూసింది,
చీపురు తోసి చూసింది,
నమ్మకం కుదిరినాక
పైకెక్కి కూచుంది.

కాళ్లు నేలకు అందలే.

నలభయ్యారేళ్ల మనిషి
తన పాదాలను కొత్తగా చూసుకుంది.
ఒకసారి ఊపింది.
నేను చూడలేదనుకోని
మళ్లీ.