చిరునామా

పదకొండేళ్ళనాటి వారెంటు.
మడతల దగ్గర చిరిగితే ఎవరో టేపు వేశారు.
సంగాని ఏడుకొండలు, రెండు బై నలభై ఒకటి, మట్టాలంక.
నేరం: రేవు వేలంపాటలో తోపులాట.

నాకు ముందు నలుగురు కానిస్టేబుళ్ళు
వెనక రాసి తిప్పి పంపారు:
ఆచూకీ లేదు. ఆచూకీ లేదు.
ఒకాయన "ఇల్లే లేదు" అని రాసి
ఎందుకో కొట్టేశాడు.

నేను బూట్లు చేత్తో పట్టుకుని పడవెక్కాను.
పాయ మధ్యలో పడవాయన గెడ దించి ఆపాడు.
"ఇదేనండి రెండు బై నలభై ఒకటి.
మీరు కూర్చున్న చోట మా వంటిల్లండి, ఆయ్."
అడుగున గెడకేదో టక్కుమంది.
"రుబ్బురోలండి" అన్నాడు.

ఏడుకొండలెవరు?
"నేనేనండి. ఆ నలుగురూ రేవులో టీ తాగెళ్ళిపోయారు.
సమన్లు ఎవరు పుచ్చుకున్నారండి, జెల్లలా?"

సోమవారం, ముమ్మిడివరం కోర్టు.
మూడో పిలుపుకి "ఆయ్" అని పలికాడు.
రీకాల్ పిటిషను, దాని మీద ఫీజు బిళ్ళ,
జామీనుకి బావమరిది, ఇస్త్రీ చొక్కాలో.
"ఇన్నాళ్ళూ ఎందుకు రాలేదు?" అన్నారు మేజిస్ట్రేటమ్మ.
అతను అరచేతుల్లో గెడ కాయలు చూసుకున్నాడు.
నేనే చెప్పాను, రుబ్బురోలు సంగతి తప్ప అన్నీ.

ఎర్ర సిరాతో ఒక గీత. అంతే.
పక్క కేసు పిలిచేశారు.

గుమాస్తా బాండు కాగితం ముందుకు తోశాడు:
"ప్రస్తుత చిరునామా?"

ఏడుకొండలు నా వంక చూశాడు.
పైన ఫ్యాను.
కాగితం ఎగరకుండా
ఆ ఖాళీ పక్కన వేలు పెట్టి పట్టుకున్నాను.