పచ్చ టిక్కు

సీటీసీల రెండో అంతస్తు, మెట్ల పక్క దుకాణం నాది.
ఆ డబ్బా తొమ్మిది వందలకు నేనే అమ్మిన.
రక్తం చీటీలు సర్దుకుంట అడిగింది ఫర్హీన్:
"అన్నా, గిది వేస్తే ఇగ ఏం కాదు గద?"
బండి నో పార్కింగుల పెట్టొచ్చిన తొందర నాది.
"ఏం కాదమ్మా" అన్న.

ఏం కాదు.
ఈ పట్నంల అన్నిటికన్న చవుకగ దొరికే మాట.
మూతలేని మ్యాన్‌హోల్ పక్క నిలబడి,
మోకాలిలోతు వాన నీళ్లల్ల బండి తోసుకుంట
అనేది అదే.

నారాయణగూడ సందుల ఆ ల్యాబుకు ఒక గేటు,
గేటుకు సాయిలు, సాయిలుకు ఒక పొడుగు రిజిస్టరు.
పోయినేడు బ్యాటరీలు ఎత్తుకపోయినోడి ఫోటో
గోడకు అంటించుకున్నడు. రోజూ సూస్తడు.
ఆ మొఖం మళ్లొస్తే పట్టుకుంటడు, ఖాయం.
రాని మొఖం సంగతేందని అడిగిన ఒకసారి.
"కొత్తోడు గూడ నడకల దొరుకుతడన్నా, సగం మంది."
మిగిలిన సగం చెప్పలేదు,
బీడీ వెలిగించుకున్నడు.

ఎనక జనరేటర్ గది తలుపుకు గడియ ఊడి రెండేండ్లు.
చెప్పినప్పుడల్లా ప్రభంజన్ సార్ "సూద్దాం" అంటడు.
లోపల కంప్యూటర్‌ల గూడ అట్లాంటి తలుపులే:
బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ రాసిచ్చినోడు
దుకాణం ఎత్తేసి కూకట్‌పల్లిల కర్రీ పాయింట్ పెట్టుకున్నడు.
రూటర్ పాస్‌వర్డు, ఫ్యాక్టరీల పెట్టిన బారసాల పేరే.
అప్‌డేట్ అడిగినప్పుడల్లా ఫర్హీన్ "తర్వాత" నొక్కేది.
ఎట్ల నొక్కదు?
పొద్దున ఏడింటికి, పరగడుపున వచ్చిన షుగర్ మనుషులు
ఇరవై మంది ఆమె మొఖమే సూస్తుంటరు.

ఓ గురువారం ఆరుంబావుకు ఫోన్ మోగింది.
పోయి సూస్తే
థైరాయిడ్‌లు, క్రియాటినిన్‌లు, ఎవరో ఏడోనెల ఆమె హిమోగ్లోబిన్,
అన్నిటికీ తోక మొలిచింది, ఏదీ తెరుసుకోదు.
నడుమ ఎర్ర అక్షరాలల్ల పైసల బేరం.
కింద మూలకు, నేను అమ్మిన పచ్చ టిక్కు:
మీ కంప్యూటర్ సురక్షితం.

అది అబద్ధం ఆడలేదు.
దానికి దొంగ తెలుసు, కన్నం తెలువదు.
గోడకు కన్నమున్న ఇంట్ల
కావలి కుక్క ముందు వాకిలి దిక్కే మొఖం పెట్టి
రాత్రంత నిజాయితీగ మేలుకునే ఉన్నది.

సార్ మొదలు సాయిలును తిట్టిండు, అలవాటు కొద్ది.
తర్వాత నా దిక్కు తిరిగి, "తొమ్మిది వందలు తీస్కున్నవ్" అన్నడు.
తీస్కున్న.
నేనేమన్న అనేలోపల
ఫర్హీన్ బీరువా తెరిచి, పాత చున్నీ ముక్కల చుట్టిన
హార్డ్ డిస్కు తెచ్చి బల్ల మీద పెట్టింది.
రంజాన్‌ల రద్దీ తక్కువున్న మధ్యాహ్నాలు
కూసొని కాపీ చేసిందట, ఎవ్వరూ చెప్పకనే.
"నువ్వు మరీ తొందరగ ఏం కాదన్నవ్‌లే, అన్నా.
అందుకే భయమైంది."

ఆ రాత్రి ముప్పై నాలుగు శాతం కాడ
అప్‌డేట్ ఆగి కూసుంది. నేను గూడ కూసున్న.
ఎనక నుంచి ఠక్ ఠక్ సప్పుడు.
రాణిగంజ్‌ల తన జేబుపైసలతోని కొన్న గడియ
ఫోన్ లైటు నోట్ల కరుచుకొని బిగిస్తున్నడు సాయిలు.
"మరి ఆ డబ్బా తీసేస్తవా?"
"ఉండనీ. నువ్వు లేకుంటే గేటుకెవరు?"
నవ్విండు. ఒక స్క్రూ కింద పడ్డది,
ఇద్దరం నేల తడుముకుంట ఎతికినం.

ఇరానీ సాయ రెండు గ్లాసులల్ల పోసి అడిగిండు,
"ఇగ ఏం కాదు గద?"

నోటిదాంక వచ్చింది. మింగిన.
ముప్పై అయిదు అయ్యింది తెర మీద.
"వచ్చే నెల రెండో మంగళారం మళ్లొస్త" అన్న.