నీడకు లంగరు

చీమకుర్తిలో నీడ గీయమన్నారు నన్ను.
రామతీర్థం దారిలో, క్వారీ గేటు పక్కన,
నలభై మంది అన్నం తినే చోటు.
పొడవు ముప్పై అడుగులు, వెడల్పు ఇరవై,
డబ్బు సంగతి అడక్కండి.

రోహిణికి రోళ్లు పగులుతాయంటారు.
ఇక్కడ రాయి పగలడానికి కార్తెతో పనిలేదు,
పొద్దున ఏడింటికే వైరు రంపం మొదలవుతుంది.
నల్లరాయి పగలంతా ఎండ అప్పు తీసుకుని
సాయంత్రం మన అరికాళ్లకు వడ్డీతో తీరుస్తుంది.

రేకులు వేద్దామన్నాడు మేస్త్రీ పేరయ్య.
రేకు కింద కూర్చుంటే పెనం కింద కూర్చున్నట్టే అన్నాను.
గుడ్డ కడదామంటే నవ్వాడు:
"కొండల్ని కోసే ఊళ్లో కోకముక్కతో ఏం పని సార్?"

మొదటిసారి చదువుకున్నట్టే కట్టాను.
నాలుగు గుంజలు, నాలుగూ ఒకే ఎత్తు,
మధ్యలో బల్లపరుపుగా గుడ్డ.
కాగితం మీద బరువంతా పైనుంచి కిందికే లెక్కవేశాను.
మూడోరోజు మధ్యాహ్నం
రాతిపొడి చుట్టుకుని ఒక సుడిగాలి వచ్చి
అదే లెక్క కిందనుంచి పైకి చేసి చూపించింది.
గుంజలతో సహా పీకి,
పొగాకు బ్యారన్ దాటించి,
సుబాబుల్ తోట మీద ఆరేసి పోయింది.
ఆరోజు సలోమి క్యారేజీలో
పప్పు కంటే పొడి ఎక్కువ.
ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు.
అంటే బాగుండేది.

ఆదివారం. నీళ్ల ట్యాంకరు దగ్గర
సలోమీ, ఆమె తోడికోడలూ
తడిదుప్పటి ఎదురెదురుగా పట్టుకుని నిలబడ్డారు.
గాలికి అది దడదడ కొట్టుకుంటోంది.
ఏమీ మాట్లాడుకోకుండానే
ఇద్దరూ కుడిచేయి పైకెత్తారు,
ఎడమచేయి కిందికి దించారు.
దుప్పటి నోరు మూసింది.
ఒక కొస నుంచి చూస్తే లోయ,
ఇంకో కొస నుంచి చూస్తే గట్టు,
ఎద్దు మూపురానికీ మెడకీ మధ్య ఉండే ఒంపు.
ఎక్కడా గాలికి పట్టు దొరకలేదు.
నేను బైకు స్టాండు కూడా వేయకుండా దిగాను,
అది పడిపోయింది.

తరవాతదంతా ఇంకొకరి చేతిపని.
ఒంగోల్లో లారీ టార్పాలిన్లు కుట్టే ఖాజాబీ
నా డ్రాయింగు అటూ ఇటూ తిప్పి చూసి
"అంచు తిన్నగా కోస్తే లాగినాక వదులైపోద్ది,
నెలవంకలాగా లోపలికి కోయాల" అంది.
అంచు మడతలో సన్నని వైరు దూర్చింది.
మొత్తం మడిచి తూస్తే ముప్పైరెండు కిలోలు,
ఆమె మనవడు ఒక్కడే ఆటోలో వేశాడు.

ఇక నేలకు పట్టి ఉంచేది ఎవరు?
యేసుపాదం ఇరవయ్యేళ్లు డెరిక్ క్రేను నడిపినవాడు.
తెల్లగీత పడిందని కొనేవాళ్లు వద్దన్న దిమ్మెలు
గుట్టగా పడి ఉన్న చోటికి తీసుకెళ్లి
"ఈ ఊళ్లో బరువుకేం కరువు?" అన్నాడు.
మూలకొకటి, ఒక్కోటి రెండు టన్నులు.
వైరు బిగించి, స్పానరుతో తట్టి,
చెవి ఆనించి విన్నాడు. ఇంకో అరచుట్టు తిప్పాడు.
"ఇన్నాళ్లూ పైకి లేపే తాళ్లే కట్టా.
పోకుండా పట్టుకునేది కట్టడం ఇదే."

నిన్న మళ్లీ గాలి లేచింది.
గుడ్డ ఒక్కసారి ఊపిరి తీసి వదిలింది, అంతే.
పేరయ్య ఏమీ అనకుండా బీడీ ముట్టించాడు.

ఇంకా తప్పు ఒకటి మిగిలే ఉంది.
నేను నీడను పన్నెండింటికి గీశాను.
వాళ్లకు బెల్లు కొట్టేది ఒకటిన్నరకు.
అప్పటికి నీడ రెండు మూరలు తూర్పుకు జరిగి
లంగరు దిమ్మె మీదికి ఎక్కుతుంది.
గిన్నెలతో పాటు మనుషులూ జరుగుతున్నారు,
వాళ్లకంటే ముందే కుక్క జరుగుతోంది.

సలోమి ఆ దిమ్మెకు వీపు ఆనించి కూర్చుంది.
చల్లగా ఉందా అని అడిగాను.
"యాడ సార్, ఇంకా కాల్తానే ఉంది.
పుట్టి ఎండే ఎరిగిన రాయి,
నీడ అలవాటు కావాల గదా."