చుక్కల కాయితం

మొదటి మాట ఇస్తారమ్మదే:
"కాలినదాన్ని మళ్ళ కాలుస్తరా, పిల్లా?
ఏం చదువే ఆ డాక్టరమ్మది!"

నవ్విన గాని
నారాయణపురం దాటి మునుగోడు దాక
బస్సుల ఆ మాట నా ఎంబడే వచ్చింది,
టిక్కెట్టు లేకుండ.

ఏడాదిన్నర అయ్యింది.
రంగుకాగు దించుతుంటే చెవి ఊడింది.
ఎర్రరంగు, కాస్టిక్కు, మరిగే నీళ్ళు,
ఎడమ మోచేతి కాన్నుంచి మెడ దాక.
నేను ముందు చిలపల దిక్కే చూసిన,
నూలు పాడైందా అని.
ఆ తర్వాతనే అరిచిన.

గాయం మానింది. మచ్చ మానలే.
సన్న నూలుల దొడ్డు ముడి లెక్క బిగుసుకుంది.
రాత్రయితే దాని మీద చీమలబారు లేస్తది.
చెయ్యి లేపితే సగం దూరంల
ఎవరో పట్టి ఆపినట్టు.
జడ వేసుకునుడు మర్చిపోయిన.
మా హంసిక వేస్తది, వంకర పాపిడి తీసి.

నల్లగొండ, గడియారం సెంటర్ పక్క సందు,
మెట్లెక్కితే రెండో అంతస్తు.
డాక్టర్ ఫర్హానా మచ్చను వేలుతో నొక్కి నొక్కి
"ఒక్క లేజరుతో కాదు, ఒక్క గోలీతో కాదు,
రెండూ కలిపి చూద్దాం" అన్నది.
"పోతదా?"
"పోదు. మెత్తపడుతది."
అబద్ధం ఆడనందుకు
మనసుల అప్పుడే సగం ఫీజు కట్టేసిన.

తిమ్మిరి క్రీము పూసి,
బేకరీల కేకు మీద కప్పే ప్లాస్టిక్ పొర చుట్టి
గంట సేపు కూసోబెట్టిన్రు.
కండ్లకు నల్ల మూతలు.
టిక్కు. టిక్కు. టిక్కు.
రబ్బరు లాగి విడిచినట్టు ఒక్కో చుక్క.
మేం చిటికి కట్టే సైకిలు ట్యూబు రబ్బరే యాదికొచ్చింది.
అంతట్ల వాసన.
ఎంటికలు కాలిన వాసన.
ఆనాటి వాసన.
బల్ల అంచు గట్టిగ పట్టుకున్న.
నర్సు పిల్ల నా చేతిల చెయ్యి పెట్టింది,
ఏం మాట్లాడలే.

మూతలు తీసినంక చూసిన:
మచ్చ నిండ సన్న చుక్కలు, వరుసకు వరుస,
మా ఆయన డిజైను గీసే గ్రాఫు కాయితం లెక్క.
ఎక్కడ కట్టాలె, ఎక్కడ ఇడిచిపెట్టాలె
ఎవరో లెక్కేసి పెట్టినట్టు.
చుక్కకూ చుక్కకూ నడుమ
ముట్టని జాగ కొంచెం ఉంచితేనే
అది పక్కదాన్ని మాన్పుకుంటదట.

గోలీ రాత్రి బువ్వ తిన్నంక.
తొలి నెల పొద్దున లేవబుద్ధి కాలే.
ఆసు కాడ కునికితే పోగు తెగింది, అత్త కసిరింది.
నెలకోసారి రక్తం ఇచ్చుడు.
పైసలకు చిట్టి ఎత్తుకున్న, నష్టానికే పాడి.
ఎండల తిరగొద్దంటరు.
మా దిక్కు ఎండల తిరగకుండ ఎట్ల బతుకుడు?
గొడుగేసుకొని కిరాణం కొట్టుకు పోతే
"సినిమా తార వచ్చింది" అన్నరు.
అననీ.

నాలుగోసారికి దురద సగమైంది.
అయిదోసారికి చెయ్యి చెవి దాక పోయింది.
అడిగిన: "గిది గోలీ పనా, లేజరు పనా?"
"చెప్పలేనమ్మా, నాకూ తెల్వదు."
నాకు నవ్వొచ్చింది.
పడుగూ కట్టి, పేకా కట్టి
నేసిన తేలియా రుమాలు చేతిల పెట్టుకొని
ఈ ఎరుపు నిలువు పోగుదా, అడ్డం పోగుదా
అని ఎవరన్న అడిగితే
నేను మాత్రం ఏం చెప్త?
రెండూ ఒక్కకాడ కలవకుంటే
పువ్వు అంచు చెదురుతది.
నాకు తెలిసింది గంతే.

మచ్చ ఉన్నది. రంగు ఇంకా కలవలే.
ఇస్తారమ్మ వచ్చి, బేరగాడు బట్టను చూసినట్టు
బొటనవేలుతో తడిమింది.
"ఊఁ... అంచు కుదరలే గాని
నూలు మెత్తగైందే" అన్నది.

నిన్న నా జడ నేనే వేసుకున్న.
పాపిడి వంకరే వచ్చింది.
హంసిక పొద్దంత మూతి ముడుచుకుంది,
తన పని పోయిందని.