ఆరున్నొకటి

మా కెజియాకి అంకెలు నేర్పేది ఒక ఒంటె.
పసుపుపచ్చ ఒంటె, ముక్కు మీద కళ్ళద్దాలు.
పగిలిన ఫోను గాజు కింద
దాని ఎడమ కాలు ఎప్పుడూ విరిగినట్టే ఉంటుంది.
ఈ ఉప్పుటేరు గట్టు మీదికి ఒంటె ఎలా వచ్చిందో గానీ
రోజూ పొద్దున్నే నేను ఆకివీడు షెడ్డుకి బయల్దేరేలోపు
రెండు ఆపిల్ పళ్ళ పక్కన ఇంకోటి పెట్టి
"ఎన్నయ్యాయి చెప్పండి పిల్లలూ?" అంటుంది.

అని, ఆగుతుంది.
కళ్ళు రెండుసార్లు టపటపలాడించి
చెవి ఇటు పెట్టి
పిల్ల నోరు విప్పేదాకా ఆగుతుంది.

ఆపిల్ పండు మా ఇంటికి జ్వరంతోనే వస్తుంది.
అందుకే కెజియా "మూడు" అనేసి
నుదుటి మీద చెయ్యి పెట్టి చూసుకుంటుంది.

షెడ్డులో నా లెక్క వేరు.
ఐసు నీళ్ళలో కొయ్యబారిపోయి
ఉన్నవి పది వేళ్ళో తొమ్మిదో తెలియని లెక్క.
కిలోకి ముప్పై తూగితే ముప్పై కౌంటు,
వంద తూగితే వంద కౌంటు.
ముప్పై అరచేతి నిండా పడుకుంటుంది,
వంద చిటికెన వేలంత.
ఓ ఆదివారం కొంగున కట్టి తెచ్చిన రొయ్యల్ని
పళ్ళెంలో వరస పెట్టి చెప్పాను:
ఇదిగో, ఇది ముప్పై. ఇది వంద.
కెజియా రెండింటినీ చూసింది.
నన్ను చూసింది.
"ఒంటెకి తెలుసా?" అంది.

తెలియదమ్మా.
దానికి నాలుగు కంటే ఐదు పెద్దది, అంతే.
రేటు పడిపోయిన వారం
చెరువు గట్టు మీద ఎంతెంత పెద్దవాళ్ళు
వంద కౌంటుకి దిగిపోతారో
దాని పాఠంలో లేదు.

మా అత్త సారమ్మకి ఒంటె అంటే పడదు.
"ఎత్తుకోవడమే ఒకటి అంటాదేంటే, శకునం తెలీని జంతువు!"
ఈ చెరువులన్నీ గోదారి కాలవ కింద చేలుగా ఉన్నప్పుడు
కళ్ళంలో మావయ్య కుంచంతో కొలుస్తుంటే
బస్తా మూతి పట్టుకుని నిలబడ్డ మనిషి.
మొదటి కుంచం లాభం. ఆ తర్వాతే రెండు.
ఆ లాభం ఎవరిదత్తా అంటే
"కామందుది. నోరు మాత్రం మాది" అంటుంది.
ఆరు దాటాక ఏడు అనకూడదట.
ఏడు అంటే ఏడవమనే కదా,
గింజలు వింటాయి.
ఆరున్నొకటి అనాలి.
అని, గబగబా ఎనిమిదికి వెళ్ళిపోవాలి.

నిన్న సాయంత్రం ఒంటె బాతుగుడ్లు లెక్కపెడుతోంది.
నాలుగు, ఐదు, ఆరు దాకా వచ్చి
నోరు తెరిచి
అలాగే ఉండిపోయింది.
డేటా అయిపోయింది.
దాని మూతి మీద తెల్లటి చక్రం,
నడిరాత్రి చెరువులో ఏరేటర్ తిరిగినట్టు
తిరుగుతూనే ఉంది.
ఇక పిల్ల రాగం ఎత్తుకుంటుందని
చేతులు తుడుచుకుంటూ లేచాను.
కెజియా ఫోను మీదికి వంగి
బళ్ళో పక్కపిల్లకి అందించినట్టు
చిన్నగా
"ఆరున్నొకటి" అంది.

మా అత్త వక్క నమలడం ఆపింది.
ఇన్నేళ్ళూ ఏడుపుకి భయపడి
వీళ్ళు చేస్తూ వచ్చింది కూడికే అని
నాకు అప్పుడు తట్టింది.

ఇవాళ షెడ్డులో టబ్బులు రాసుకుంటూ
గ్రేడింగు సూరిబాబు తల ఎత్తకుండానే "ఎన్ని?" అన్నాడు.
నేను నోరు తెరిచేలోపు
ఆరు రాసుకుని పక్కావిడ దగ్గరికి వెళ్ళిపోయాడు.
నా టబ్బులు నా కాళ్ళ దగ్గరే ఉన్నాయి,
నీళ్ళు కారుతూ.

రాత్రి పిల్ల పడుకున్నాక
చార్జింగులో ఉన్న ఫోను తీసి
మొదటి పాఠం పెట్టాను.
"ఎన్నయ్యాయి చెప్పండి?" అంది.
ఆగింది.
కళ్ళు టపటపలాడించింది, ఒకసారి,
ఇంకోసారి.
ముప్పై రెండేళ్ళలో నా జవాబు కోసం
ఇంతసేపు ఆగినవాళ్ళు లేరు.

"ఏడు" అన్నాను.

ఒంటె ముందు ఉన్నవి మూడే ఆపిల్ పళ్ళు.
అయినా
శభాష్ అంది.