దిడ్డివాకిలి

నా ఉద్యోగం కోటలు అమ్మడం.
జయనగర్ నాలుగో బ్లాకులో, దర్జీ కొట్టు మీది గదిలో
ఫ్యాను కింద కూర్చుని రాస్తుంటాను:
"ఉదయం ఎనిమిదికి బస్సు. ద్రాక్షతోటల నడుమ మూడు కోటలు.
మధ్యాహ్నం శాకాహార భోజనం. సాయంత్రం నది మీద పడవ."
నేను చూడని నది. నేనెక్కని బురుజు.
ఫోటోలో జెండాను బట్టి
ఆ పూట గాలి ఎటు వీచిందో మాత్రం చెప్పగలను.

చూడామణి గారికి వీసా రాలేదు.
ఉత్తరంలో ఒకే వాక్యం పక్కన టిక్కు:
మీరు తిరిగి వెళ్తారన్న నమ్మకం మాకు కలగలేదు.
ఆవిడ కళ్లద్దాలు చెంగుతో తుడుచుకుని మళ్లీ చదివింది.
"నేనెక్కడికి పోతానంట?
ఇంట్లో పాలు తోడేసి వచ్చాను."

డబ్బు వాపసుకి ఆరు వారాలు పడుతుందని చెప్పాలి.
అది నోట్లోంచి రాక,
ఆదివారం కోట చూద్దామా, అన్నాను.
మార్కెట్ పక్కది. టికెట్ కూడా లేదు.

"అదా!" అంది.
"వాణీవిలాస్‌లో ముప్ఫై ఒక్కేళ్లు నర్సుని.
కాన్పుల వార్డు కిటికీ తీస్తే అదే గోడ.
ఒక్కనాడూ లోపలికి పోలేదు."

మే నెల. మెట్రో మెట్లెక్కి పైకొస్తే
సేవంతుల గంపలు, మగ్గిన పనసవాసన, హారన్లు.
సగం ఊరు వంతెన మీద, సగం ఊరు దాని నీడలో.
నడుమ, ఎవరూ అడగని పాతబాకీలా, కోట.

పెద్ద తలుపుల నిండా ఇనుప మేకులు,
ఏనుగు కుంభస్థలం ఎత్తున.
ఏనుగులు రావడం మానేశాయని
వాటికి ఎవరూ చెప్పినట్టు లేదు.
మాకు తెరిచింది తలుపులోని చిన్న తలుపు.
మా నానమ్మ మాటలో దిడ్డి.
ఆవిడ మోకాళ్లు పట్టుకుని వంగుతూ అడిగింది:
"రాజు కూడా ఇట్లాగే దూరేవాడా?"
రాజుకి పెద్దది తీస్తారు, పొద్దుపోయాక వచ్చేవాళ్లకే ఇది, అన్నాను.
"మరి సరిపోయింది," అంది.

లోపల కోట తొందరగా అయిపోయింది.
ఒక గడ్డి తునక, గచ్చుపూల కమాను, చిన్న వినాయకుడు,
చెప్పులు తలకింద పెట్టుకుని నిద్రపోతున్న కుర్రాడు.
చీకటిగదిలో చల్లగా ఉంది. గబ్బిలాల కంపు.
గోడకో రాతిపలక:
పదిహేడువందల తొంభై ఒకటిలో
ఇదిగో ఇక్కడ పగలగొట్టుకుని లోపలికొచ్చామని
వచ్చినవాళ్లే రాయించుకున్నారు.
ఆవిడ రెండుసార్లు చదివింది,
వీసా ఉత్తరం చదివినట్టే, కళ్లద్దాలు తుడుచుకుని.

తర్వాత కమాను కింద నిలబడి కిటికీలు లెక్కపెట్టింది.
తప్పింది. మళ్లీ మొదట్నుంచి.
"రంగు మార్చేశారు... అదీ, ఆ మూడోది."
అక్కడెవరో తడితువ్వాలు ఆరేస్తోంది.
ఆవిడ చెయ్యెత్తి ఊపింది.
తువ్వాలమ్మాయి చూడలేదు.
"నేనూ చూసేదాన్ని కాదులే," అంది.
"రాత్రి డ్యూటీలో ఈ గోడ మీద పిల్లులు పోట్లాడుకునేవి.
బాలింతలు జడుసుకునేవాళ్లు.
కోటలో ఏమీ లేదమ్మా, పిల్లులే, అనేదాన్ని.
చూడకుండానే."

మూడింటికి వాన దబదబా దిగింది.
కమాను కింద ఏడుగురం, నిద్ర లేచిన కుర్రాడితో సహా.
ఆవిడ సంచిలోంచి పెరుగన్నం డబ్బా తీసి
మూతలో నాకు పెట్టింది. మాగాయ ముక్క ఒక్కటే ఉంది.
నాకే వేసింది.
"ఆరు వారాలేగా," అంది, నా ముఖం చూడకుండా.
"కాయితం వెనకాల రాసి ఉంది. చదివాను."

వెళ్లేటప్పుడు కాపలాదారు నోటుపుస్తకం ముందుకు తోశాడు.
పేరు. ఫోన్. ఎక్కడి నుంచి.
ఆవిడ పెన్ను పట్టుకుని కాసేపు ఆగి,
కన్నడంలో, గుండ్రంగా, రాసింది:
పక్కింటి నుంచి.

సోమవారం కొత్త యాత్రాపత్రంలో
మూడో కోట కింద ఒక వాక్యం చేర్చాను:
తలుపు చిన్నది, వంగాలి. ఒకవేళ వానొస్తే
పెరుగన్నం ఇద్దరికి సరిపడా తెచ్చుకోండి.
సాయంత్రానికల్లా మా యజమాని దాన్ని కొట్టేశాడు,
ఎర్రసిరాతో, నిటారుగా.